పల్నాటి చలివేంద్రం: దాహం, దానం, దూరం

వ్యాస సంగ్రహం

పాత పట్టణాల నడిబొడ్డున, నాలుగు దారులు కలిసే చోట బాటసారుల దాహం తీర్చే నీటి వసతి ఒకటి ఉండడం అనేక నాగరికతలలో కనిపించే ఆచారం. ఐరోపా నగరాలలో అది రాతి ఫౌంటెన్. తెలుగు నేలలో, ముఖ్యంగా పల్నాడు వంటి మెట్టసీమలో, అది చలివేంద్రం. దీనిని పుణ్యకార్యంగానో కావ్యవర్ణనగానో చూడడం పరిపాటి. పోసే చేతికీ పట్టే దోసిలికీ నడుమ జారే ధారను, ఆ ధార సూచించే దూరాన్ని కూడా పరిశీలించినప్పుడే చలివేంద్రం సాంఘిక చరిత్ర పూర్తవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. శాసనాలు, ప్రాకృత గాథ, శ్రీనాథుని రచనలు, పల్నాటి వీరకథ, ఆధునిక చట్టాలు ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: చలివేంద్రం, ప్రప, పల్నాడు, శ్రీనాథుడు, గాథాసప్తశతి, ఎంగిలి, అంటు, చేదబావి, చాపకూడు.

1. ఉపోద్ఘాతం

పల్నాడు జిల్లా దాచేపల్లి మండలంలోని నడికుడి దారులు కలిసే ఊరు. గుంటూరు నుంచి మాచర్లకు పోయే రైలు మార్గాన్ని బీబీనగర్ నుంచి వచ్చే మార్గం ఇక్కడే కలుసుకుంటుంది. శ్రీకాళహస్తి వైపు తలపెట్టిన కొత్త మార్గానికి కూడా ఈ ఊరి పేరే ముందుంది. దారులు కలిసే చోట మనుషులు ఆగుతారు. ఆగిన మనిషికి మొదట కావలసింది నీడ, ఆపైన నీళ్లు. పల్నాటి ఎండలో ఈ రెండింటి వరుస తారుమారైనా ఆశ్చర్యం లేదు.

ఇటువంటి కూడళ్లలో వేసవి వచ్చేసరికి తాటాకు పందిరి వేసి, ఇసుక పరిచి, దానిపై కుండలు నిలిపి, తడిగుడ్డ చుట్టి, వచ్చేపోయేవారికి నీళ్లు పోయడం తెలుగునాట తరతరాల ఆచారం. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా ఊరిన తేమ ఆవిరవుతూ లోపలి నీటి వేడిని హరిస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ పని అంత బాగా సాగుతుంది. కనుక కోస్తా ఉక్కపోతలో కంటే పల్నాటి వడగాలిలోనే కుండనీరు ఎక్కువ చల్లబడుతుంది. నీరు అరుదైన సీమలోనే నీటిని చల్లబరచే పద్ధతి బాగా పనిచేయడం గమనించదగిన విషయం.

చలివేంద్రాన్ని కట్టడంగా చూస్తే చెప్పుకోదగినది లేదు. నాలుగు గుంజలు, కొన్ని ఆకులు, కొన్ని కుండలు. వానాకాలం నాటికి ఆనవాలు మిగలదు. రాతి ఫౌంటెన్‌కు కట్టిన తేదీ, చెక్కిన పేరు ఉంటాయి. చలివేంద్రానికి అవి అరుదు. అందువల్ల దాని చరిత్రను పదాలలోనూ, కవిత్వంలోనూ, చట్టపాఠాలలోనూ వెదకవలసి ఉంటుంది.

2. పేరు, ప్రమాణాలు

సంస్కృతంలో దీనికి ‘ప్రప’ అని పేరు. అమరకోశం పురవర్గంలో దీనిని ‘పానీయశాలిక’తో పాటు పేర్కొంది. ఊరి కట్టడాల మధ్య దీనికి స్థానమివ్వడం వల్ల, ఇది నాటి పట్టణ జీవితంలో గుర్తింపు పొందిన వసతి అని తెలుస్తుంది. తెలుగులో చలిపందిరి, చలివందిరి, చలివెందర, చలివేంద్రం అనే రూపాలు కనిపిస్తాయి. చలి అంటే ఇక్కడ చల్లదనం. ‘పందిరి’ సమాసంలో ‘వందిరి’ కావడం తెలుగు సంధికి సహజమే. తమిళంలోని ‘తణ్ణీర్ పందల్’ కూడా పందిరినే ప్రధానంగా చెబుతుంది. కన్నడంలో దీనిని ‘అరవట్టిగె’ అంటారు. తెలుగు, తమిళ పదాలు రెండూ నీటిని ఇచ్చే కట్టడాన్ని చెబుతున్నాయే గాని, ఇచ్చే మనిషిని గాని పుచ్చుకునే మనిషిని గాని చెప్పకపోవడం గమనార్హం.

బాటసారుల నీటి వసతి పాలకుల ధర్మంగా చాలా ముందే నమోదైంది. అశోకుని రెండవ శిలాశాసనం దారుల వెంట మనుషుల కోసం, పశువుల కోసం బావులు తవ్వించి చెట్లు నాటించినట్లు చెబుతుంది. ఆ శాసనపాఠం కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి బండలపై కూడా ఉంది. ఆయన ఏడవ స్తంభశాసనం బావులతో పాటు నీళ్లు తాగే తావులను విడిగా పేర్కొంది. నాసిక్ గుహలోని ఉషవదాతుని శాసనం నదీతీరాలలో సభలను, ప్రపలను ఏర్పరచినట్లు ప్రకటిస్తుంది. క్షత్రప నహపానుని అల్లుడైన ఉషవదాతుడు తన దానాల జాబితాలో గోవులు, గ్రామాలు, పడవరేవుల సరసన నీటిపందిళ్లను చేర్చాడు.

ధర్మశాస్త్రం ఈ వసతిని కాపాడే బాధ్యతను కూడా తలకెత్తుకుంది. బావి దగ్గరి తాడును గాని కుండను గాని దొంగిలించినవాడికి, ప్రపను పాడుచేసినవాడికి జరిమానా విధించాలని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం నిర్దేశిస్తుంది. తాడు, కుండ, ప్రప ఒకే శ్లోకంలోకి రావడం యాదృచ్ఛికం కాదు. మూడూ అందరివీ, అందువల్లనే మూడూ దిక్కులేనివి. వైశాఖమాసంలో నీటికుండను దానం చేయడం పుణ్యమనే భావన ఈనాటికీ తెలుగు ఇళ్లలో ఉంది.

ఈ ప్రమాణాలన్నీ కలిపి చదివితే ఒక సంగతి బయటపడుతుంది. ఇచ్చినవారి పేరు ఉంటుంది, ఎందుకిచ్చారో ఉంటుంది, ఎక్కడిచ్చారో ఉంటుంది. ఎవరు తాగారన్నది ఉండదు. పుచ్చుకున్నవారు ‘పథికులు’ అనే బహువచనంలో కలిసిపోతారు. అందరికీ అన్నప్పుడు ఆ ‘అందరి’లో ఎవరెవరున్నారన్న ప్రశ్న ఇక్కడినుంచే మొదలవుతుంది.

3. నీరులేని సీమ, నీటిని కీర్తించిన కవి

పల్నాటి నీటికరవును సాహిత్యంలో స్థిరపరచినవాడు శ్రీనాథుడు. ఆయన పేరిట ప్రచారంలో ఉన్న చాటువులలో పల్నాడు రాళ్ల సీమ, జొన్నకూటి సీమ, పాములూ తేళ్లూ ఉన్న సీమ, నాగరకుడు అడుగుపెట్టని సీమ. గుక్కెడు నీళ్లు దొరకక, శివుని ఇద్దరు భార్యలలో గంగను తమకు వదలిపెట్టమని ఎత్తిపొడిచిన చాటువును కూడా జనశ్రుతి పల్నాటి ప్రయాణంతోనే ముడిపెట్టింది. చాటువుల కర్తృత్వాన్ని నిర్ధారించడం కష్టం. అయినా ఒక ప్రాంతపు దాహాన్ని చెప్పడానికి జాతి స్మృతి ఈ కవినే ఎన్నుకున్నదన్న మాట నిజం.

ఈ ఎన్నికలో ఒక వైచిత్రి ఉంది. కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడే 1409 నాటి ఫిరంగిపురం శాసనాన్ని రచించాడు. పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబ సంతానసాగరం అనే చెరువును తవ్వించిన సందర్భం అది. ఒకే కవి ఒకచోట చెరువు తవ్వించిన రాణిని శాసనభాషలో కీర్తించాడు. మరొకచోట చెరువులేని సీమను చాటుభాషలో ఎత్తిపొడిచాడు. కొండవీడు ఈనాటి పల్నాడు జిల్లాలోనే ఉంది. కొండమీద ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని మూడు జలాశయాలున్నాయి. కోటలో నీరు నిలిచింది, మెట్టలో నిలవలేదు. చాటువులలో నవ్వుపాలైన ‘పల్నాడు’ నిజానికి పాలకుల నీటిపారుదల చేరని పల్నాడు.

నేల స్వభావం కూడా ఇందుకు కారణమే. పల్నాడు సున్నపురాయి నేల. నాపరాతి పొరల నడుమ నీరు పగుళ్ల వెంట జారిపోతుంది. గుత్తికొండ బిలం వంటి చోట్ల ఆ నీరు భూగర్భంలో కనిపిస్తుంది కాని, ఊరి బావికి అందడం అదృష్టాన్ని బట్టి ఉంటుంది. నాగులేరు వంటి వాగులు వేసవికి సన్నగిల్లుతాయి. ఇటువంటి నేలలో బావి తవ్వించడం పెద్ద ఖర్చు, బావి ఉండడం పెద్ద అధికారం. బావి ఎవరిదో ఆ ఊరి మాట వారిది.

4. ధార: గాథాసప్తశతి సాక్ష్యం

చలివేంద్రంలో నీళ్లిచ్చే తీరును మొదట దృశ్యంగా చూపింది హాలుని గాథాసప్తశతి. రెండవ శతకంలోని ఒక ప్రసిద్ధ గాథలో బాటసారి తల పైకెత్తి, వేళ్లు ఎడం చేసి తాగుతుంటాడు. వేళ్ల సందులలోంచి నీళ్లు కారిపోతే తాగడం ఆలస్యమవుతుంది, ఆలస్యమైన కొద్దీ ఆమెను చూడవచ్చు. పోసే అమ్మాయి కూడా తక్కువది కాదు. అతడు వేళ్లు ఎడం చేసిన కొద్దీ ఆమె ధారను సన్నం చేస్తుంది. ఇద్దరూ ఒక్క మాట ఆడరు. దాహం ఏనాడో తీరింది; ధార మాత్రం ఆగదు.

శాలివాహన సప్తశతిని తొలియౌవనంలో తెలిగించినట్లు శ్రీనాథుడు కాశీఖండంలో చెప్పుకొన్నాడు. ఆ కృతి లభించలేదు. లభించి ఉంటే నీటికరవు సీమను నవ్విన కవి, నీటిపందిరి కింది ఈ చూపులను ఏ తెలుగులో చెప్పాడో తెలిసేది. ఏమైనా ప్రపాపాలిక అనే పాత్ర ప్రాకృతం నుంచి సంస్కృతానికి, అక్కడినుంచి తెలుగు కవుల వేసవి వర్ణనలకు ప్రయాణించింది. వేసవి వచ్చిందంటే చలివేంద్రం, చలివేంద్రం వచ్చిందంటే ఆమె.

అలంకారికులు ఈ గాథలో శృంగార ధ్వనిని చూశారు. ఈ వ్యాసానికి కావలసింది దాని వాచ్యార్థం. పాత్ర పుచ్చుకునేవాడి చేతికి రాదు. పోసే మనిషి ఎత్తునుంచి పోస్తుంది. తాగేవాడు దోసిలి పడతాడు. ఇద్దరి మధ్య గాలిలో జారే నీటిపాయ ఒక్కటే సంబంధం. గాథలోని చమత్కారమంతా ఈ దూరం మీద ఆధారపడింది. పాత్ర చేతికిచ్చి పంపే ఆచారమే ఉంటే ఆ గాథకు తావే లేదు.

5. ఎంగిలి, అంటు

పాత్రను చేతికివ్వకుండా ఎత్తునుంచి పోయడానికి తెలుగు సమాజం చెప్పే కారణాలు రెండు. ఆ రెండింటికీ తెలుగులో వేర్వేరు మాటలున్నాయి. ఒకటి ఎంగిలి, రెండవది అంటు. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్ల చలివేంద్రం చరిత్ర మసకబారింది.

ఎంగిలి నోటికి సంబంధించినది. ఒకరి నోరు తగిలిన పాత్ర మరొకరికి పనికిరాదు. ఈ నియమం అందరికీ సమానం. తల్లి తాగిన చెంబుకూ, దొర తాగిన చెంబుకూ, కూలి తాగిన చెంబుకూ అదే సూత్రం. అందుకే తెలుగిళ్లలో చెంబెత్తి పెదవికి తగలకుండా తాగడం మర్యాద. వందలమంది తాగే చోట ఈ మర్యాద ఆరోగ్య సూత్రం కూడా.

అంటు అలా కాదు. అది తాకిడికి సంబంధించినది, పుట్టుకను బట్టి నిర్ణయమైనది. అది ఒకవైపు నుంచే పనిచేస్తుంది. పోసేవాడు దోసిలిని తాకితే పోసేవాడికి మైల. దోసిలి పట్టినవాడికి మైల అన్న మాటే లేదు. ఎంగిలి నియమం ఇద్దరినీ కట్టివేస్తుంది. అంటు నియమం ఒకరినే వంచుతుంది.

పైకి చూసేవాడికి రెండు ధారలూ ఒక్కటే. ఎత్తిన చెంబు, వంగిన నడుము, పట్టిన దోసిలి. భేదం ధార ఎత్తులో ఉంది. ఎంగిలికి బెత్తెడు దూరం చాలు. అంటుకు మూర కావాలి. పందిరి కింద కొందరు నిలబడి తాగారు, కొందరు పందిరి వెలుపల వంగి తాగారు. గాథలో ప్రేమకు సాధనమైన సన్నని ధార, సమాజంలో వెలికి కూడా సాధనమైంది. కవిత్వం మొదటి ధారను మాత్రమే రాసుకుంది.

రైలు వచ్చాక ఈ పద్ధతి రైల్వే స్టేషన్‌కు చేరింది. వలసపాలన కాలంలో దేశంలోని స్టేషన్లలో హిందువులకు, ముస్లిములకు వేర్వేరు నీళ్లు, వేర్వేరు నీటిమనుషులు ఉండేవారు. ఒకే బోగీలో భుజం భుజం రాసుకుంటూ కూర్చున్నవారు ప్లాట్‌ఫాం మీద వేర్వేరు కుండల దగ్గరికి నడిచారు. ప్రయాణం కలిపినవారిని దాహం విడదీసింది.

6. కూడలిలో ఫౌంటెన్: హైదరాబాదు, లండన్

ధారకు చేయి అవసరం లేకుండా చేసింది ఫౌంటెన్. తెలుగు నేలలో పాత పట్టణ కూడలికి నడిమిన నిలిచిన ఫౌంటెన్‌కు ప్రసిద్ధమైన ఉదాహరణ హైదరాబాదులోని గుల్జార్ హౌజ్. చార్‌మినార్‌కు ఉత్తరాన చార్ కమాన్ అనే నాలుగు కమానుల నడుమ, పదహారవ శతాబ్ది చివర కుతుబ్‌షాహీలు నిర్మించిన నగరంలో అది భాగం. ఆ నగరం నీటిని ఎత్తుకు చేర్చే నేర్పు మీద నిలబడింది. పదిహేడవ శతాబ్దిలో ఆ నగరాన్ని చూసిన ఫ్రెంచి యాత్రికుడు థెవనో, చార్‌మినార్ అంతస్తులు రాజప్రాసాదపు పైగదులకు నీరందించడానికి ఉపయోగపడుతున్నట్లు రాశాడు. నీటిని చిమ్మించాలంటే దానిని ముందు ఎత్తున నిలపాలి. రాజధానికి అది సాధ్యం. బావిలో చేద అందడమే కష్టమైన పల్నాటి ఊళ్లకు అది సాధ్యం కాదు. అందుకే అక్కడ ఫౌంటెన్ వెలిసింది, ఇక్కడ పందిరి లేచింది.

మరొక ఉదాహరణ తెలుగు దాత పేరుతో లండన్‌లో నిలిచింది. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ పంపు నీటికీ కలరాకూ సంబంధముందని వైద్యుడు జాన్ స్నో చూపాడు. 1859లో శామ్యూల్ గర్నీ ప్రభృతులు నగరవాసులకు ఉచితంగా శుభ్రమైన నీరందించే సంఘాన్ని స్థాపించారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో సెయింట్ సెపల్కర్ చర్చి ప్రహరీలో మొదటి ఫౌంటెన్ తెరుచుకుంది. 1860ల చివర విజయనగరం మహారాజు విజయరామ గజపతి ఇచ్చిన ధనంతో హైడ్ పార్క్‌లో ఒక తాగునీటి ఫౌంటెన్ వెలిసింది. 1964లో దానిని తొలగించారు. శాసనభాషలో చెప్పాలంటే అది ఒక తెలుగు సంస్థానాధీశుని ప్రపాదానమే. తెలుగు రాజు ధర్మంతో దాహం తీర్చుకున్న లండన్ బాటసారికి దాత కులమేమిటో తెలుసుకోవలసిన పని లేకపోయింది. అదే కాలంలో తెలుగు ఊళ్లలోని బాటసారి నీళ్లకు ముందు కులం చెప్పుకోవలసి వచ్చింది.

ఆ నాటి లండన్ ఫౌంటెన్లకు గొలుసుతో కట్టిన లోటాలుండేవి. వచ్చినవారందరూ అదే లోటాతో తాగేవారు. తెలుగువారి కళ్లకు అది ఎంగిలి. ఆ అనుమానం తప్పు కాదని వైద్యశాస్త్రం తరువాత తేల్చింది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం 1909లో రైళ్లలోనూ బడులలోనూ ఉమ్మడి లోటాను నిషేధించింది. ఎంగిలి విషయంలో చలివేంద్రం ఫౌంటెన్ కంటే ముందుంది. అంటు విషయంలో ఫౌంటెన్ చలివేంద్రం కంటే ముందుంది. ఏ ఒక్కదానినీ నాగరికతకు గీటురాయిగా నిలపలేం.

7. చాపకూడు, చేదబావి, చట్టం

ఈ ప్రశ్నకు పల్నాడు తన చరిత్రలోనే ఒక సమాధానం దాచుకుంది. పన్నెండవ శతాబ్దికి చెందిన పల్నాటి యుద్ధగాథలో బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాపపై కూర్చోబెట్టి భోజనం పెట్టించాడు. అదే చాపకూడు. మాల కన్నమదాసు ఆయనకు పుత్రసమానుడు, సేనానాయకుడు. శ్రీనాథుని పేర ఉన్న ద్విపద పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించారు. మౌఖిక గాథను జీన్ రోఘైర్ సేకరించి అధ్యయనం చేసిన గ్రంథం 1982లో వెలువడింది. ఆ గాథను తరతరాలుగా గానం చేస్తూ నిలబెట్టిన వీరవిద్యావంతులు మాల కులానికి చెందినవారు. నాగులేటి ఒడ్డున కారెంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన ఐదు రోజులు సాగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు చాపకూడు నేటికీ జరుగుతుంది.

ఉత్సవంలో చాప ఒకటే. మిగిలిన రోజులలో బావులు వేరు. పండుగ నాటి చాపను మడిచి దాచవచ్చు, బావిని దాచలేరు. చేదబావి దగ్గర తాడు, చేద, గిలక అన్నీ చేతులు తగిలే వస్తువులే. అందుకే అంటు నియమం చలివేంద్రం కంటే చేదబావి దగ్గర మరింత కఠినమైంది. పల్లెవారికి తమ బావి లేకపోతే ఊరి బావి దూరంలో కుండలు పెట్టుకుని ఎవరో ఒకరు వచ్చి తోడిపోసేదాకా కాచుకోవాలి. చలివేంద్రంలో బాటసారికి ఒక్క మధ్యాహ్నం ఎదురైన నిరీక్షణ, ఇక్కడ ఒక సమూహానికి ప్రతి ఉదయం ఎదురైంది. వినుకొండలో 1895లో పుట్టిన జాషువా, తన 1941 నాటి గబ్బిలం కావ్యంలో గుడి గడప దాటలేని మనిషి చేత, ఏ అడ్డూ లేని గబ్బిలంతో శివునికి సందేశం పంపించాడు. గబ్బిలానికున్న ప్రవేశం మనిషికి లేదన్న ఆవేదన గుడికి ఎంత వర్తిస్తుందో బావికీ అంతే వర్తిస్తుంది.

చట్టం ఈ దూరాన్ని అంచెలంచెలుగా గుర్తించింది. 1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వంలో మహాడ్ చవదార్ చెరువు నీటిని వేలమంది తాగడం దేశచరిత్రలో మలుపు. ఆ చెరువుపై హక్కును బొంబాయి హైకోర్టు 1937లో ధ్రువీకరించింది. పల్నాడు అప్పుడు భాగమైన మద్రాసు రాష్ట్రంలో ఎం.సి. రాజా కృషి ఫలితంగా 1938లో వచ్చిన చట్టం ప్రజా జలవనరులలో అంటరానివారికి అడ్డు చెప్పడాన్ని తొలగించింది. రాజ్యాంగం పదిహేనవ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలను పేరెత్తి చెప్పింది. పదిహేడవ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. 1955 నాటి చట్టం ఇంకా ముందుకుపోయి నది, వాగు, ఊట, బావి, చెరువు, తొట్టి, కుళాయి అని ఒక్కొక్క వనరునూ లెక్కపెట్టింది. ఇంత వివరంగా జాబితా రాయవలసి వచ్చిందంటే, ప్రతి ఒక్క వనరు దగ్గరా అడ్డుకునే చేయి ఒకటి ఉందని అర్థం.

చట్టం వచ్చిన ముప్పై ఏళ్లకు, 1985 జులై 17న, అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో దళితులు హత్యకు గురయ్యారు. తగాదా మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. తాము తాగే నీటిని మురికి చేయవద్దని దళితులు అభ్యంతరం చెప్పడమే అందుకు నాంది. నీటి దగ్గరికి రానివ్వకపోవడం ఒక రూపమైతే, వారి నీటిని లెక్కచేయకపోవడం మరో రూపం. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం దళితులు, ఆదివాసులు వాడే నీటిని కలుషితం చేయడాన్ని ప్రత్యేక నేరంగా పేర్కొంది. తెలుగులో దళిత సాహిత్య ఉద్యమానికి కారంచేడు ఒక ప్రారంభ బిందువు కావడం సాహిత్య విద్యార్థులకు తెలిసిందే. ఆ బిందువు ఒక నీటిబిందువన్న సంగతిని కూడా గుర్తుంచుకోవాలి.

8. కాలువ, కుళాయి, డబ్బా

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. జవహర్ కాలువ అనే కుడికాలువ పల్నాటి మెట్టను మాగాణిగా మార్చింది. చాటువులలోని జొన్నకూటి సీమలో వరి, పత్తి, మిరప పండాయి. కాలువనీటితో నింపుకునే చెరువులు ఊళ్లకు తాగునీరిచ్చాయి. చేదబావి స్థానంలో చేతిపంపు, ఆపైన వీధి కుళాయి వచ్చాయి.

కుళాయి విలువ నీటిలోనే లేదు. అది చేతిని తొలగించింది. మర తిప్పితే నీళ్లు వస్తాయి. పోసేవాడు లేడు కనుక పోయననేవాడూ లేడు. ఈ లెక్కన వీధి కుళాయే పల్నాటి కూడలికి చివరకు దక్కిన ఫౌంటెన్. అయితే కుళాయి ఏ వీధిలో పెట్టాలి, గొట్టం పల్లెదాకా వేయాలా వద్దా అన్న నిర్ణయంలో పాత చేయి వేరే రూపంలో మిగిలింది. ధార ఎత్తులో ఉన్న దూరం గొట్టం పొడవులోకి మారింది.

సున్నపురాతి నేలలో నీరు కఠినం. కొన్ని ఊళ్లలో ఫ్లోరైడ్ సమస్య కూడా ఉంది. అందువల్ల ఇప్పుడు శుద్ధిచేసిన నీటి డబ్బా ఇంటింటికీ చేరింది. కూడలిలోని చలివేంద్రంలోనూ కుండ పక్కన డబ్బా నిలిచింది. డబ్బాకు కులం అడగవలసిన పనిలేదు, డబ్బు అడుగుతుంది. మిరప కోతల కాలంలో ఊరు కాని ఊరు వచ్చిన కూలీలకు ఇది పెద్ద తేడా. కొనలేనివారికి ఉచిత నీరు ఇంకా అవసరం కనుకనే చలివేంద్రం ఇంకా పోలేదు. పోతే వారికి ప్రత్యామ్నాయం ఉండదు.

9. ముగింపు

చలివేంద్రం చరిత్రలో మూడు అంశాలను వేర్వేరుగా చదవవలసి ఉంది. మొదటిది దాహం: అది నేలను బట్టి, ఎండను బట్టి ఉంటుంది, పల్నాడు అందుకు సాక్ష్యం. రెండవది దానం: అది దాతను బట్టి ఉంటుంది, శాసనాలు, నేటి ఫ్లెక్సీలు అందుకు సాక్ష్యం. మూడవది దూరం: అది పోసే తీరును బట్టి ఉంటుంది, దానికి సాక్ష్యాలు చెదురుమదురుగా ఉన్నాయి. గాథలో ఆ దూరం వలపు, చట్టంలో నేరం, భాషలో ఎంగిలి, అంటు అనే రెండు మాటలు.

ప్రాచీన కావ్యాలలోని ప్రపావర్ణనలను, గ్రామ చరిత్రలను, ఆత్మకథలను చదివే పరిశోధకులు పాత్ర ఏదో, పోసినదెవరో, తాగినవారు పందిరి లోపల నిలిచారో వెలుపల నిలిచారో గమనిస్తే మూడవ అంశానికి కొత్త ఆధారాలు లభిస్తాయి. పల్నాటి పెద్దల నోట ఇంకా మిగిలి ఉన్న బావుల జ్ఞాపకాలను నమోదు చేయడం అత్యవసరం. ఏ బావి ఎవరిదో, ఎవరు ఎక్కడ నిలబడి ఎదురుచూశారో చెప్పగలవారు తగ్గిపోతున్నారు. పూడిన బావులు ఆ విషయం చెప్పలేవు.